మంద లేని కాపరి

కోల్‌కతా మహానగరం దక్షిణపు అంచున, చెరువుల నడుమ ఉన్న ఒక జంతు సంరక్షణాలయం ఇనుపగేటు ముందు 2018 జనవరి మాసంలో ఒకనాటి ఉదయం ఒక తెలుగు జంట నిలబడి ఉంది. మంచు ఇంకా విడలేదు. లోపలి నుంచి నూరు గొంతుకల మొరుగు ఒక్కసారిగా లేచి, ఒక్కసారిగా అణగిపోయింది. ఆయన వయస్సు అరవై ఆరు. శ్రీకాకుళం జిల్లా పల్లె నుంచి 1974లో వచ్చి, ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యస్థానమైన గార్డెన్ రీచ్‌లో గుమాస్తాగా చేరి, ముప్ఫై ఎనిమిది సంవత్సరాల సేవ అనంతరం విరమించిన ఉద్యోగి. వాల్తేరు డివిజన్ 2003లో తూర్పుకోస్తా రైల్వేకు మారేంతవరకు ఆగ్నేయ రైల్వేలోనే ఉండేది కనుక, ఉత్తరాంధ్ర యువకులకు గార్డెన్ రీచ్ ఒక పరిచితమైన గమ్యం. ఆమె ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన తెలుగింటి ఆడపడుచు. తెలుగు ఎంత సహజమో, బెంగాలీ కూడా ఆమెకు అంతే సహజం.

ఉన్న ఒక్క కూతురు బెంగుళూరులో స్థిరపడిన తరువాత బెహాలాలోని వారి ఇల్లు నిశ్శబ్దంలో మునిగిపోయింది. ఒడిలో ఇమిడిపోయే చిన్న జాతి కుక్కపిల్లను తెచ్చుకుందామన్నది ఆమె సంకల్పం. కొనడం మాత్రం వద్దన్నది కూడా ఆమె నిర్ణయమే. దిక్కులేనివి అన్ని ఉండగా డబ్బిచ్చి ప్రాణాన్ని కొనడమేమిటని ఆమె వాదం. ఆయన ఔననలేదు, కాదనలేదు. కుక్కల విషయం వచ్చినప్పుడల్లా ఆయన మౌనం వహించడం ఆమె పెళ్ళయిన నాటి నుంచి గమనిస్తున్నదే. భయం కాబోలునని సరిపెట్టుకున్నది.

అక్కడ వారికి ఎదురైనది చిన్న జాతి పిల్ల కాదు. నెల రోజుల క్రితం ఎవరో తెల్లవారకముందే ఒక అట్టపెట్టెను గేటు దగ్గర వదలి వెళ్ళారు. అందులో రెండు అల్సేషియన్ పిల్లలు ఉన్నాయి. రెండింటికీ రక్తవిరేచనాలు. 1970ల చివర ప్రపంచమంతటా వ్యాపించి, నాటి నుంచి కుక్కపిల్లల పాలిట మృత్యువుగా నిలిచిన పార్వో వ్యాధి అది. కొన్న వారికి వైద్యపు ఖర్చు భారమనిపించిందో, చావును కళ్ళారా చూడలేకపోయారో తెలియదు. మూడవనాడు మగపిల్ల పోయింది. ఆడపిల్ల ఆరు రోజులు సెలైన్ మీద ఉండి, ఏడవనాటి ఉదయం పలచని గంజి నాకింది. ఇప్పుడు పన్నెండు వారాల వయస్సు. చెవులు ఒకటి నిక్కి, ఒకటి వాలి ఉన్నాయి. శరీరం కన్న పాదాలు పెద్దవి. మిగిలిన పిల్లలు గేటు వైపు ఎగబడుతుంటే అది వెనుకగా నిలిచి, వాటి చుట్టూ అర్ధచంద్రాకారంగా ఒకసారి నడిచి, మళ్ళీ తన చోటికి వచ్చి కూర్చున్నది. ఆ నడకను చూసి ఆయన ఒక అడుగు ముందుకు వేశాడు. ఆమె మాత్రం దానిని ఒడిలోకి తీసుకుని, “ఏమండీ, ఇదే” అన్నది.

అంత తేలికగా మాత్రం పని కాలేదు. పరిచర్య చేసే యువతి ఒక దస్తావేజు తీసి ప్రశ్నలు మొదలుపెట్టింది. ఇల్లు సొంతమా, అద్దెదా? పగలు ఎన్ని గంటలు ఒంటరిగా ఉంటుంది? రోజుకు రెండుసార్లు నడిపించగలరా? చివరి ప్రశ్నకు ఆమె కొంచెం తటపటాయించింది. “కాకూ, ఈ జాతి పది పన్నెండేళ్ళు బతుకుతుంది. మీ తరువాత దీన్ని ఎవరు చూస్తారు?” అరవై ఆరేళ్ళ మనిషిని అలా అడగడం మర్యాద కాకపోవచ్చు. అయినా ఒకసారి అట్టపెట్టెలో వదలివేయబడిన ప్రాణం తరఫున అడగవలసిన ప్రశ్న అది ఒక్కటే. దంపతులు ఆనాడు ఖాళీ చేతులతో తిరిగివచ్చారు. కూతురు బెంగుళూరు నుంచి ఉత్తరం వ్రాసి బాధ్యత స్వీకరించిన పిమ్మటనే, పదవనాడు, కుక్కపిల్ల బెహాలా చేరింది. పెంచలేని పరిస్థితి ఏర్పడితే మరెవ్వరికీ ఇవ్వక సంరక్షణాలయానికే తిరిగి అప్పగించాలన్న షరతు మీద ఆయన సంతకం చేశాడు.

ఆమె దానికి ‘సరమ’ అని పేరు పెట్టింది. కవిత్రయ భారతాన్ని ప్రతి చాతుర్మాస్యంలోను పారాయణం చేసే అలవాటు ఆమెది. ఋగ్వేదంలో సరమ దేవశుని. పణులు అపహరించి దాచిన గోవుల జాడ కనిపెట్టినది అదే. కోల్పోయిన మందను వెదకి పట్టిన ఆ కుక్కను మన వాఙ్మయంలోని తొలి కాపరికుక్కగా చెప్పుకోవచ్చు. ఇక నన్నయ తెలుగు చేసిన ఆదిపర్వపు ప్రథమాశ్వాసంలోనే సరమ కథ వస్తుంది. జనమేజయుని యజ్ఞశాల దగ్గరకు ఆడుకుంటూ వచ్చిన సరమ కొడుకును, ఏ తప్పూ చేయకపోయినా, రాజు సోదరులు కొట్టారు. ఏడుస్తూ వచ్చిన పిల్లను చూసి తల్లి రాజసభకు నడచి, యుక్తాయుక్తాలు తలచక దుర్బలులకు కీడు చేసేవారికి ఊహించని భయాలు వచ్చి తీరుతాయని హెచ్చరించింది. భారతమంతటి మహాగ్రంథం ముంగిట ఒక కుక్కపిల్లకు జరిగిన అన్యాయం నిలవడం, దాని చివర మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట ఒక శునకమే నడవడం యాదృచ్ఛికం కాదని ఆమె నమ్మకం. మొదట తప్పు, చివర దిద్దుబాటు; నడుమ పద్దెనిమిది పర్వాల మనుష్య చరిత్ర.

మూగజీవుల పట్ల కారుణ్యాన్ని చట్టంగా మలచడంలో కలకత్తా నగరానికి ఒక విశిష్ట స్థానం ఉన్నది. 1832లో లండన్ నుంచి ఈ నగరానికి వచ్చిన చిత్రకారుడు కోల్స్‌వర్తీ గ్రాంట్, ఎండలో బరువులు లాగలేక వీధులలో కూలిపోయే ఎద్దులను, గుర్రాలను చూసి చలించి, 1861లో జంతుహింసా నివారణ సంఘాన్ని స్థాపించాడు. ఇంగ్లండులో అటువంటి సంఘం 1824లో ఏర్పడగా, మన దేశంలో వెలసిన వాటిలో ఇదే మొదటిది. బెంగాలీ నవలా సాహిత్యానికి ఆద్యులలో ఒకడైన ప్యారీచాంద్ మిత్ర ఈ సంఘంలో పనిచేసి, గ్రాంట్ మరణానంతరం అతని జీవితచరిత్రను కూడా రచించాడు. సంఘం కృషి పర్యవసానంగా 1869లో బెంగాల్‌లో జంతుహింసా నిషేధ శాసనం వచ్చింది. 1880లో మరణించిన గ్రాంట్ స్మారకస్తంభం నేటి బినయ్ బాదల్ దినేశ్ బాగ్‌లో నిలిచి ఉన్నది. ఆ స్తంభం ప్రక్కగా అనేక సంవత్సరాలు కార్యాలయపు పనుల మీద నడచిన ఆయన, దాని మీది పేరు ఎవరిదో విరమణానంతరం గాని తెలుసుకోలేదు.

అయితే కారుణ్యం శాసనమైనంత మాత్రాన ఆచారం కాదు. మోహన్‌పూర్‌లోని భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థకు చెందిన శాస్త్రవేత్తలు ఈ ప్రాంతపు వీధికుక్కలను అనుసరించి చేసిన అధ్యయనం 2016లో వెలువడింది. తొంభై అయిదు ఈతలలో పుట్టిన 364 పిల్లలలో సంతానయోగ్యమైన వయస్సు వరకు బతికినవి నూటికి పందొమ్మిది మాత్రమే. సంభవించిన మరణాలలో నూటికి అరవై మూడింటికి ఏదో విధంగా మనుష్యులే కారణమని వారు తేల్చారు. వీధికుక్కకు తన వీధి ఉన్నది, తన గుంపు ఉన్నది. మిఠాయి దుకాణం మెట్ల మీద పడుకునే హక్కు కూడా ఉన్నది. అయినా దాని పిల్లలు అయిదింట నాలుగు బతకడం లేదు. ఇక గొప్ప జాతిదని కొని, పెరిగి పెద్దదవుతుండగా బరువని వీధిలో వదలిన కుక్కకు ఆ పాటి ఆసరా కూడా లేదు. వీధికుక్కలు దానిని తమ హద్దులోకి రానీయవు. తిండి వెదుక్కోవడం దానికి తెలియదు. దట్టమైన రెండు పొరల బొచ్చుతో ఈ నగరపు ఉక్క వేసవిని అది భరించలేదు. ఎనిమిది వారాలు నిండని పిల్లలను అమ్మరాదని, పెంపకందారులు విధిగా నమోదు చేసుకోవాలని కేంద్రప్రభుత్వం 2017లో నిబంధనలు చేసింది. కొనేవాని మనస్సును నమోదు చేసే నిబంధన మాత్రం ఏ ప్రభుత్వమూ చేయజాలదు.

అల్సేషియన్ అని మనవారు పిలిచే ఈ జాతి అసలు పేరు జర్మన్ షెపర్డ్. మాక్స్ వాన్ స్టెఫానిట్జ్ అనే మాజీ అశ్వికదళాధికారి 1899లో కార్ల్స్‌రూహే నగరంలో జరిగిన ప్రదర్శనలో ఒక కాపరికుక్కను చూసి ముగ్ధుడై, వెంటనే కొని, ‘హొరాండ్’ అని పేరు మార్చి, దానిని మూలపురుషునిగా ఎంచి జాతిని తీర్చిదిద్దాడు. మొదటి ప్రపంచయుద్ధం తరువాత ‘జర్మన్’ అన్న మాట ఇంగ్లండులో వినసొంపు కాకపోవడంతో, సరిహద్దు ప్రాంతమైన అల్సేస్ పేరు తగిలించారు. 1977లో ఆంగ్లేయులు పాత పేరును పునరుద్ధరించినా, మన దేశంలో అల్సేషియన్ అన్న పేరు చెక్కుచెదరలేదు. యుద్ధంలో చూపు కోల్పోయిన సైనికులకు దారి చూపడానికి 1916లో ఓల్డెన్‌బర్గ్‌లో నెలకొల్పిన శిక్షణాలయంలో పనిచేసినవి ఈ కుక్కలే. పోలీసు పనులలో ఇవి ప్రసిద్ధి చెందడంతో వీటి తొలివృత్తి గొర్రెల కాపలా అన్న సంగతిని లోకం దాదాపు మరచిపోయింది.

ఆ వృత్తిలో ఒక విశేషం ఉన్నది. బ్రిటిష్ దీవుల కోలీ కుక్క దూరాన చెదరిన గొర్రెలను చుట్టి, కంటిచూపుతోనే కట్టిపడవేసి, కాపరి వద్దకు తోలుకువస్తుంది. జర్మనీ మైదానాల పరిస్థితి వేరు. అక్కడ పంటచేలకు కంచెలు ఉండేవి కావు. మేత నేలకు, పైరుకు నడుమ ఒక నాగటిచాలు మాత్రమే హద్దు. ఆ చాలు వెంబడి ఉదయం నుంచి సాయంత్రం వరకు ముందుకు, వెనుకకు నడుస్తూ, గొర్రె మూతి పైరుమీద పడకుండా కాయడమే ఈ కుక్కల పని. అనగా అవి సజీవమైన కంచెలు. మన దేశంలో కాపరుల వెంట ఉండే కుక్కలు చాలావరకు కాపలావి. తోడేలు, నక్క, దొంగ రాకుండా మందను రక్షించేవి. హిమాలయపు కొండజాతి కాపరికుక్క అటువంటిదే. 2005లో మన తపాలాశాఖ వెలువరించిన నాలుగు శునకముద్రలలో దానికి చోటు దక్కింది. కొల్లేటి పరిసరాలలో బాతుల గుంపులను మళ్ళించడానికి ఉపకరించిన జోనంగి కుక్కల వంటి మందలింపు జాతులు మనకు అరుదు.

బెహాలా ఇంట్లో సరమ మొదటి రెండు నెలలు నిద్రలో, తిండిలో, చెప్పులు కొరకడంలో గడిచిపోయాయి. టీకాలు వరుస ప్రకారం పూర్తయ్యాయి. వాలిన చెవి కూడా నిక్కింది. ఏప్రిల్ వచ్చేసరికి ఎవరూ నేర్పని విద్య ఒకటి బయటపడసాగింది. ఇంటిముందరి సిమెంటు వాకిలికి, ఉమ్మడి దారికి నడుమ ఒక ఎర్రరాతి అంచు ఉన్నది. ఉదయం వేళ సరమ ఆ అంచు వెంబడి ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు నడిచేది. మే మాసంలో మనుమలు ఇద్దరు బెంగుళూరు నుంచి వచ్చారు. వారు వాకిట్లో ఆడుతుంటే అది చుట్టూ తిరిగేది. ఒకడు అంచు దాటబోతే అడ్డంగా నిలిచేది. అప్పటికీ ఆగకపోతే మడమను పంటితో సున్నితంగా నొక్కేది. పిల్లలకు అది కేరింత. పెద్దలకు కలవరం. తోడేలు వేటలో చూపు నిలపడం, పొంచడం, తరమడం, పట్టడం, చంపడం అనే మెట్లు వరుసగా ఉంటాయి. కాపరికుక్కలను ఎంపిక చేసి పెంచిన మనిషి మొదటి మెట్లను పదును పెట్టి, చివరి మెట్లను మొద్దుబార్చాడు. మడమ పట్టేది కోపంతో కాదు. అది తరతరాలుగా ఒంటబట్టిన వృత్తి. కాని మందే లేని చోట వృత్తి నేరంగా కనిపిస్తుంది.

జూన్ మాసంలో అదే జరిగింది. పై అంతస్తులోని బెంగాలీ కుటుంబపు అయిదేళ్ళ పాప బంతికోసం పరుగెత్తుకుంటూ వస్తుండగా సరమ వెంటపడి మడమ పట్టింది. చర్మం చిట్లలేదు. పాప మాత్రం బెదరిపోయి, ఆ రాత్రి నిద్రలో ఉలిక్కిపడి లేచింది. మరునాడు తండ్రి వచ్చి, ఎంతో మర్యాదగానే, “దాదా, మీరు పెద్దవారు. నేను గొడవ చేయడానికి రాలేదు. కాని మా పాప మెట్లు దిగడానికి భయపడుతున్నది” అన్నాడు. ఆదివారం ఇరుగుపొరుగువారు సమావేశమయ్యారు. పెంపుడు జంతువులను నిషేధించే అధికారం నివాస సంఘాలకు లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో జారీచేసిన మార్గదర్శకాల ప్రతి ఆయన జేబులోనే ఉన్నది. ఆయన దానిని బయటకు తీయలేదు. ఒక పసిపాప భయానికి ప్రభుత్వపు కాగితం సమాధానం కాదని ఆయనకు తోచింది. ఒక నెల గడువు అడిగాడు. ఆ లోపల మార్పు రాకపోతే కుక్కను తెచ్చిన చోటికే పంపుతానన్నాడు. సభవారు అంగీకరించారు.

ఆ రాత్రి ఆమె దుఃఖపడింది. “పంపుతానని ఎలా అన్నారండీ? ఒకసారి పెట్టెలో వదిలేశారు దాన్ని. రెండోసారి మనం వదిలేస్తామా?” అని నిలదీసింది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఇన్ని సంవత్సరాల కాపురంలో ఎన్నడూ చెప్పని కథ చెప్పాడు.

ఆయన తాత గొర్రెల కాపరి. కోతలయిన తరువాత రైతుల పొలాలలో రాత్రిళ్ళు మంద కట్టి, ఎరువు ఇచ్చినందుకు ధాన్యం తీసుకునే జీవనం. భుజాన గొంగళి, చేత కర్ర, వెంట ‘కర్రి’ అనే నల్లని ఊరకుక్క. అది ఏ జాతిదీ కాదు. ఆకు రాలినా లేచి మంద చుట్టూ ఒకసారి తిరిగి వచ్చేది. కాపరి వేసే ఈల తెలుసు. నాలుకతో చేసే టక్కుమనే శబ్దం తెలుసు. ఆ ఈల మనుమడికి కూడా పట్టుబడింది. 1969లో, తాత పోయిన ఏడాదికి, కొడుకును పట్నంలో కాలేజీకి పంపడానికి తండ్రి మంద మొత్తం అమ్మివేశాడు. కొన్నవారు గొర్రెలను తోలుకుపోయారు. కుక్క తమకు అక్కరలేదన్నారు. మరునాటి ఉదయం కర్రి ఖాళీ దొడ్డి చుట్టూ తిరుగుతూ కనిపించింది. ఆ మరునాడు కూడా తిరిగింది. అన్నం పెడితే వాసన చూసి మళ్ళీ తిరగడానికి వెళ్ళేది. “కుక్కకి మందే ఊరురా” అని తాత అంటూ ఉండేవాడు. అయిదవనాడు ఆయన ట్రంకుపెట్టె పట్టుకుని బస్సెక్కుతుంటే అది రోడ్డు దాకా వచ్చి ఆగింది. పిలుస్తుందేమోనని ఈల కోసం చూసింది. ఆయన ఈల వేయలేదు. వేస్తే వెంట వస్తుందని తెలుసు. సంక్రాంతికి తిరిగి వచ్చేసరికి అది లేదు. ఏమైనదని అడగడానికి ఆయనకు నోరు రాలేదు.

“ఈ మాట ఇన్నేళ్ళూ నాకు చెప్పలేదేమండీ?” అన్నది ఆమె.

“చెప్పడానికేముంది? కుక్కే కదా అనుకున్నాను.”

“కుక్కే కదా అనుకున్నవాళ్ళకు యాభై ఏళ్ళు గుర్తుండదు” అని ఆమె దీపం ఆర్పింది.

మరునాడు తెల్లవారుజామున నాలుగున్నరకు ఆయన సరమను తీసుకుని బయలుదేరాడు. దండించడం వల్ల ఈ గుణం పోదని, పని లేకపోవడమే దీని జబ్బని ఆయనకు శాస్త్రం చదవకుండానే తెలుసు. ఉదయం గంట, సాయంత్రం గంట నడక. ఒకే దారి, ఒకే హద్దు. మైదానం అంచున కొలిచినట్లు నాలుగు చుట్లు. పరుగెత్తే వస్తువు కనిపించగానే కాపరి ముఖం వైపు చూడాలి. చూస్తే బెల్లపు ముక్కంత చేపతునక బహుమానం. కొరకాలనిపిస్తే నోటికి తాడుబంతి. కూర్చోమన్నప్పుడు కూర్చోవడం, ఆగమన్నప్పుడు ఆగడం. పది రోజుల తరువాత ఒకనాడు అది ఎగిరే కాకిని చూసి గొలుసు తెంచుకున్నంత పని చేసినప్పుడు, ఆయన పెదవుల మీదికి తనకు తెలియకుండానే ఆ పాత ఈల వచ్చింది. ముందుగా గాలి మాత్రమే వచ్చింది. రెండవసారి స్వరం పలికింది. సరమ ఆగి, చెవులు రెండూ వెనుకకు త్రిప్పి, ఆయన వైపు చూసింది. దానికి ఆ ఈల ఎవరూ నేర్పలేదు. బహుశా ఏ కొత్త ధ్వనికైనా అలాగే చూసి ఉండేది. ఆయన మాత్రం నడిరోడ్డు మీద కొంతసేపు కదలలేకపోయాడు.

పాప విషయం పెద్దావిడ చేతిలోకి తీసుకున్నది. రోజూ సాయంత్రం మెట్ల మీద కూర్చుని, కుక్క దగ్గరకు వస్తే పరుగెత్తకుండా చెట్టులా నిలబడడం ఒక ఆటగా నేర్పింది. మొదట సరమ గొలుసుతో పది అడుగుల దూరాన. తరువాత అయిదు అడుగులు. పరుగెత్తని దానిని తరమవలసిన అవసరం కాపరికుక్కకు లేదు. నెల గడువు నాటికి పాప మెట్లు దిగింది. చేయి మాత్రం చాచలేదు. తండ్రి మరొక నెల గడువు తానే ఇచ్చాడు. దుర్గాపూజ నాటికి, వీధి చివరి పందిరిలో ఢాకీల డప్పుల హోరు నడుమ, పాప ఒక చేత్తో తల్లి చీరకొంగు, మరొక చేత్తో సరమ మెడపట్టీ పట్టుకుని నిలబడింది. అప్పటికీ సరమ పరుగెత్తే పిల్లలను చూస్తే వణికేది. ఆ వణుకు పోలేదు. పోనవసరం లేదని, పట్టి ఉంచితే చాలునని ఆయన అంటాడు.

డిసెంబరులో ఒక ఆదివారం ఆయన దానిని కోల్‌కతా మైదాన్‌కు తీసుకువెళ్ళాడు. నగరం నడిబొడ్డున, విక్టోరియా స్మారకభవనపు తెల్లని గుమ్మటం కనిపించే ఆ పచ్చికలో ఈనాటికీ గొర్రెలు, మేకలు మేస్తుంటాయి. పొగమంచులో యాభై అరవై గొర్రెలు తలలు వంచి మేస్తున్నాయి. పక్కన శాలువా కప్పుకున్న ఒక హిందుస్తానీ కాపరి గొంతుక్కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. సరమ జీవితంలో మొదటిసారి గొర్రెను చూసింది. ఒక ముందరికాలు గాలిలోనే ఆగిపోయింది. ఒళ్ళంతా సన్నగా కంపించింది. ఆయన గొలుసును రెండు చుట్లు చేతికి చుట్టుకుని, నాలుకతో టక్కుమని శబ్దం చేశాడు. అది ఉరకలేదు, మొరగలేదు. పచ్చికకు, బాటకు నడుమనున్న అంచు పట్టుకుని నడవడం ప్రారంభించింది. ఆ కొస దాకా వెళ్ళి, తిరిగి, ఈ కొసకు వచ్చింది. ఆయన గొలుసు పట్టుకుని వెంట నడిచాడు. ఒక గొర్రె తల ఎత్తి చూసి, బాట వైపు రాబోయినది ఆగి, మళ్ళీ మేతలో పడింది.

కాపరి బీడీ పారవేసి లేచి నిలబడ్డాడు. కొంతసేపు చూసి, “ఇది పని తెలిసిన కుక్క బాబూజీ. ఎవరిది?” అని హిందీలో అడిగాడు.

గార్డెన్ రీచ్ కార్యాలయంలో ఎన్నో దస్త్రాల మీద సంతకాలు చేసిన ఆ పెద్దమనిషి వెంటనే సమాధానం చెప్పలేకపోయాడు. సంరక్షణాలయపు దస్తావేజులో యజమాని అన్న చోట తన పేరే ఉన్నది. ఆ మాట ఆయనకు చాలినట్లు తోచలేదు. “మా తాతది” అన్నాడు చివరికి.

కాపరి తల ఊపాడు. ఆ సమాధానంలో వింత ఏదీ అతనికి కనిపించలేదు. మంచు విడిపోతున్నది. ఆయన సన్నగా ఈల వేశాడు. సరమ మంద వైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి చూసి, ఆయన వైపే వచ్చింది.